మామా దాచమన్న అదసా

రెడ్డెమ్మను తెలివితక్కువదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కువైట్‌లోని జహ్రాలో ఆమె వంటచేసిన ఇంటి పక్కింట్లోనే నేనూ పనిచేసేదాన్ని. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చి, బడి మొహం చూడకుండానే అరబ్బీ నేర్చిన మనిషి. కాకపోతే ఆ అరబ్బీ అంతా వంటింట్లో నేర్చిందే. ఖుబ్జ్ అంటే రొట్టె, అదస్ అంటే ఎర్రపప్పు.

వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆసుపత్రిలో రక్తం పరీక్షించే డాక్టరు. ఇరాక్ సైన్యం వచ్చిన మొదటి వారంలోనే మైక్రోస్కోపుల లెన్సులన్నీ విప్పి, రేకు డబ్బాలో ఇంటికి తెచ్చేసింది. లెన్సులు లేకపోతే మిగిలేది ఉత్త ఇనుమే, పట్టుకుపోనీ అందట. అన్నట్టే కరెంటుతో వెలిగే, రెండు కళ్లతో చూసే కొత్తవన్నీ లారీలెక్కి పోయాయి. ఒంటి గొట్టం, అడుగున వెలుతురు పట్టే అద్దం ఉన్న పాతదొకటి చెత్తలో మిగిలింది.

అంతలో ఆ ఇంటి డ్రైవరు పెంచల్ మంచాన పడ్డాడు. సెలవు ముగించుకొని ఊరి నుంచి వచ్చిన కొన్నాళ్లకే చలి, జ్వరం. మలేరియానా, టైఫాయిడా? ఏ మందైనా చెక్‌పోస్టులు దాటి, వాళ్లనూ వీళ్లనూ బతిమాలితేగానీ దొరకని రోజులవి. ఏది వెతకాలో ముందు తెలియాలి. మామా అతని వేలి నెత్తురు గాజుపలక మీద పూసి ఆరబెట్టి, ఆ పాత మైక్రోస్కోపు తేవడానికి బయలుదేరింది.

"సైనికులొస్తే ఏది పోయినా పోనీ రెడ్డెమ్మా, అదసా మాత్రం దాచు. పెంచల్ ప్రాణం దాంట్లోనే ఉంది," అంది గుమ్మంలో ఆగి.

అదసా అంటే లెన్సు. ఆ ముక్క రెడ్డెమ్మకు ఎవరు చెప్పారు? జ్వరం మనిషికి పప్పుకట్టు పోయాలని మామా ఆరాటం కాబోలు అనుకుంది. తిండిగింజలకు కటకటలాడే కాలం కూడానాయె.

సైనికులు రానే వచ్చారు. ఆమె పప్పు మూటను మాసిన బట్టల కింద దూర్చి, పైన కూర్చుంది. ఒకడు రేకు డబ్బా తెరిచాడు. మెరిసే ఇత్తడి ముక్కలు నచ్చాయేమో, చంకన పెట్టుకొని పోయాడు. ఈమె అడ్డం చెప్పలేదు.

మామా ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా కింద మైక్రోస్కోపు దాచుకొని వచ్చింది. రెడ్డెమ్మ మూట తెచ్చి ముందుపెట్టింది.

"ఒక గింజ కూడా పోలేదు మామా."

మామా మూట విప్పి, నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత సంగతంతా చెప్పి, కళ్లు తుడుచుకొని, ఏదో ఒకటి అనుకోక తప్పదని టైఫాయిడ్ మందు తేవడానికి మళ్లీ పోయింది. అది సరైన మందో కాదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. దోచుకున్నవాణ్ని వదిలేసి పప్పు దాచినదాన్ని తిట్టే నోళ్లను ఏమనాలి?

ఆ సాయంత్రం పెంచల్ కళ్లు తెరిచాడు.

"నా నెత్తురు చూసినారా అక్కా? ఏం తేలిందంట?"

"చూసినారు నాయనా. ఉత్త జొరమేనంట," అంది రెడ్డెమ్మ.

"అట్లయితే బతికినట్టేలే," అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి ఆమె గంజి తీసుకుపోయేసరికి ఒళ్లు చల్లబడిపోయి ఉంది.