దాలమ్మ తాడుకు రెండో కొస

చీపురుపల్లికి ఆరు మైళ్ల అవతల ఓ పల్లెలో దాలమ్మ గోగునారతో పశువులను కట్టే పలుపులూ పగ్గాలూ పేనేది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటికి ఆమెకు యాభై దాటాయి. అడ్డపొగ తాగే మనిషి. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకున్నంతసేపూ మాట పొదుపే కదా! అయినా మతి చెదిరినవాళ్లనూ, చచ్చినవాళ్లు కనబడుతున్నారని ఏడ్చేవాళ్లనూ ఊరివాళ్లు ఆమె వాకిట్లోనే దింపి పోయేవారు. మంత్రమా, తంత్రమా? అదేమీ లేదు. తాడుకు ఆ కొస పట్టుకోమనేది, అంతే. తాడు పేనాలంటే ఇద్దరుండాలి. చేతులకు పని దొరికితే నోరు దానంతటదే విచ్చుకుంటుందని ఆమెకు తెలుసు.

తాయారును అత్త జగ్గమ్మ రెక్క పట్టుకుని తెచ్చింది. గోగు నానబెట్టిన గుంటలో తాయారు చెల్లెలు మునిగిపోయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ ఆ చెల్లెలు తడిజుట్టుతో పెరట్లో నిలబడి తాయారుకు కనబడుతోందట. అనుమానం పెనుభూతం అని ఊరు తేల్చేసింది. భూతవైద్యుడైతే వేపమండలతో వీపు చీరేశాడు, వాడి చెయ్యి పడిపోను! దాలమ్మ మాత్రం లేదనీ అనలేదు, ఉందనీ అనలేదు.

"ఎక్కడ నిల్సుంటాది?" అని అడిగింది.

బావి పక్కన, అంది తాయారు. ఏ కోక కట్టింది, మొహం ఎటు పెట్టింది, దాలమ్మ ఒక్కొక్కటే అడిగింది. వారం తిరిగేసరికి తాయారు తనంతట తనే వచ్చి కొస పట్టుకోసాగింది. ఓ మధ్యాహ్నం ఎవరికీ చెప్పని మాట చెప్పింది. ఆ రోజు నార కడగడానికి తోడు రమ్మని చెల్లెలు బతిమాలితే, కోపంలో ఒక్కదాన్నే పొమ్మంది. నీ తప్పేం లేదని దాలమ్మ అనలేదు. అలాంటి మాటలు ఈ చెవిన పడి ఆ చెవిన పోతాయి.

"కోపం ఒచ్చింది నీకు. అది నిజిం. నీ సెల్లి మీద పెట్టుకున్న పానమూ నిజిమే" అంది.

తాయారు బావురుమంది. ఆ తరవాత కూడా చెల్లెలు రావడం మానలేదు గానీ, తాయారు పెరట్లోకి వెళ్లడానికి జంకేది కాదు.

వేసవిలో దాలమ్మ మొగుడు గంగులు పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. అందరి దెయ్యాలనూ పలకరించిన దానికి సొంత మొగుడు కనబడకపోతాడా అని ఊరు చెవులు కొరుక్కుంది. దాలమ్మా ఎదురుచూసింది. ఒక్కసారి వస్తే చాలు, అతనితో చెప్పుకోవలసిన మాటొకటి ఉంది. పీట వాల్చింది, చెంబుతో నీళ్లు పెట్టింది, తలుపు ఓరగా ఉంచింది. ఏ రోజు నీళ్లు ఆ రోజు అలాగే ఉండేవి. తాడు పని మూలపడింది. ఎవరొచ్చినా మొహం తిప్పుకునేది.

నెల తరవాత తాయారు వచ్చింది. గుంజకు వేలాడుతున్న సగం తాడు విప్పి, ఓ కొస దాలమ్మ చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుంది.

"మావ ఎక్కడ నిల్సుంటన్నాడు, దాలత్తా?"

దాలమ్మ ఖాళీ పీట వైపు చూసింది.

"రానేదమ్మా. ఒక్క రోజైనా రానేదు. ఆ రోజు లోపల్నించి పిలిసినాడు. తాడు పురి ఒదిలిపోతాదని, ఉండు వస్తన్నాను అన్నాను. నాను ఎల్లేసరికి..."

వస్తాడులే అని తాయారు అనలేదు. కొస బిగించి పట్టుకుంది. గంగులు పోయిన ఆ రోజు తాడుకు అటువైపు కూర్చున్నది తనే.

"మావ పిలిసినది నాకూ ఇనపడిందత్తా" అంది. "నానూ కొస ఒదల్నేదు."

దాలమ్మ తలెత్తి చూసింది. మొగుడు పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే పురి ఎక్కించింది. పలుపుకు కావలసిన పొడవు ఎప్పుడో దాటిపోయింది. ఇద్దరూ పేనుతూనే ఉన్నారు, చెవులు మాత్రం ఇంటి లోపలివైపు పెట్టి.