చెప్పులు విప్పి వచ్చినవాళ్లు

సత్తియ్య ఒంటి మీద కాలిన మచ్చ లేని చోటు వెతకడం కష్టం. మొదటి మచ్చ ఎడం మోచేతి మీదుంది. అది వాళ్ల నాన్న పెట్టిన వాత. ఆత్రేయపురం చుట్టుపక్కల పెళ్లిళ్లకి వంటలు చేసే ఆయనకి కోపం ముందు, మాట తరవాత. నాలుగో తరగతి మానేసి గరిటె పట్టిన మొదటి పెళ్లిలోనే సత్తియ్య పులుసు ఒలకబోశాడు. నాన్న పొయ్యిలో కాలుతున్న అట్లకాడ తీసి మోచేతికి అంటించి, "ఇంకెప్పుడూ మర్చిపోవు" అన్నాడు. నిజంగానే మర్చిపోలేదు. దెబ్బ పడితేనే పని వస్తుందని సత్తియ్య ఆ రోజే నమ్మాడు. ఆ నమ్మకంతోనే పెరిగి పెద్దవాడై యూనివర్సిటీ పీజీ సెంటరు మగపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరాడు.

హాస్టల్ వంటింట్లో అన్ని పనులూ ఒక ఎత్తు, అన్నం వార్చడం ఒక ఎత్తు. అన్నం ఉడికేది మనిషి కూర్చుంటే మునిగిపోయేంత గుండిగలో. మూతకి గుడ్డ బిగించి కట్టి, గుండిగ చెవుల్లోంచి ఇనప కడ్డీ దూర్చి, ముందు సత్తియ్య, వెనక అతని బావమరిది బుల్లియ్య భుజానికెత్తుకుని నడవాలి. గుమ్మం పక్కనున్న తూము దాకా తీసుకెళ్లి గంజి వంచాలి. నేలంతా నాపరాళ్లు, అవీ గుమ్మం వైపుకి వాలుగా పరిచినవి. వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న గంజి జిగురు. చెప్పులుంటే కాలు జారుతుంది. ఉత్త కాళ్లయితే వేళ్లు నేలని పట్టుకుంటాయి.

ఒక వానాకాలం ఎవరో కుర్రాడు బురద చెప్పులతో లోపలికొచ్చి మజ్జిగ తాగి వెళ్లాడు. ఆ బురద మీద బుల్లియ్య కాలు జారింది. గుండిగ ఒరిగి గంజి చిమ్మి అతని తొడ తోలు ఊడొచ్చినంత పనయింది. సత్తియ్య ఆ కుర్రాణ్ణి భోజనాల హాల్లోంచి జుట్టు పట్టి లాక్కొచ్చి, గరిటె తిరగేసి, కాడ వంగిపోయేదాకా వీపు మీద వాయించాడు. వార్డెను గారు సత్తియ్యని నెల్లాళ్లు పనిలోంచి ఆపేశారు. తిరిగొచ్చేసరికి వంటింటి గుమ్మం బయట చెప్పులు వరసగా ఉన్నాయి. అప్పట్నించీ అది హాస్టల్ కట్టుబాటయిపోయింది. ఎంతటివాడి కొడుకైనా ఆ గుమ్మం ముందు చెప్పులు విప్పాల్సిందే. వచ్చిన కొత్తవాళ్లకి పాతవాళ్లే నేర్పేవారు.

అలా నేర్పేవాళ్లలో ముందుండేవాడు సామర్లకోట కుర్రాడు దుర్గాసాయి. ఎమ్మే చదువుతున్నాడు. గుండిగ అడుగున మాడిన అన్నం చెక్క అతనికి ప్రాణం. రోజూ వచ్చి పీట మీద కూర్చుని ఆవకాయ నంజుకుని తినేవాడు.

"మా అమ్మ ఎప్పుడూ మాడబెట్టదు బాబాయ్. ఏం వంటో ఏంటో!"

"మాడబెట్టడం అందరికీ రాద్దండి. దానికి చెయ్యి తిరగాలి, ఆయ్" అనేవాడు సత్తియ్య. ఆడపిల్లలేగాని కొడుకు లేని సత్తియ్యకి ఆ కుర్రాడు వచ్చి కూర్చుంటే ఊరటగా ఉండేది.

తొంభై ఎనిమిదిలో మెస్ సెక్రటరీ పదవికి దుర్గాసాయి నిలబడ్డాడు. పోటీగా నరసాపురం కుర్రాడు సుమంత్ దిగాడు. పప్పులో పప్పుందా లేదా అని చూసుకునే పదవి అది. దానికోసం వారం రోజుల్లో రెండు గదుల తలుపులు విరిగాయి, ఒకడి ముందు పళ్లు రాలాయి. దుర్గాసాయి పిన్ని కొడుకు పెద్దిరాజు వెళ్లి సుమంత్ పోస్టర్లు చింపాడు. సుమంత్ అతన్ని సైకిల్ స్టాండ్ దగ్గర పట్టుకుని క్రికెట్ వికెట్టుతో మొహం మీద కొట్టాడు. మొన చొచ్చుకుని పెద్దిరాజు కుడి కన్ను పోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం పొంగి దించే వేళకి సుమంత్ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. చెవి చీరుకుపోయి చొక్కా అంతా నెత్తురు.

"బాబాయ్, తలుపెయ్యండి! కత్తి తెచ్చారు, నరికేస్తారు!"

ఆ గుమ్మానికి తలుపుల్లేవు. గుండిగలకి అడ్డమని ఏనాడో పీకేశారు. సత్తియ్య ఒక్క అడుగు ముందుకేసి సుమంత్ చెంప పగలగొట్టాడు.

"ఆ కుర్రాడి కన్ను పీకేశావు కదరా! నీకు నేను తలుపెయ్యాలా?"

సుమంత్ కింద కూలబడి సత్తియ్య కాళ్లు పట్టుకున్నాడు. లుంగీ తడిసిపోయింది. సత్తియ్య అతని కేసి చూడలేకపోయాడు.

"ఆ బియ్యం బస్తాల ఎనక్కి దూరు. గాలి కూడా పీల్చమాక."

"బావా, ఎవరొచ్చినా రాకపోయినా అన్నం ముద్దయిపోద్ది" అన్నాడు బుల్లియ్య. మూడొందల మంది ఆకలి ఎవరి గొడవ కోసమూ ఆగదు. ఇద్దరూ కడ్డీ భుజానికెత్తారు. నాలుగడుగులు వేశారో లేదో గుమ్మంలో నీడ పడింది.

దుర్గాసాయి, వెనక ఇంకో నలుగురు. ఇద్దరి చేతుల్లో హాకీ కర్రలు. దుర్గాసాయి చేతిలో కొబ్బరి బొండాలు కొట్టే కత్తి. రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాడి కళ్లవి.

"పక్కకి తప్పుకోండి బాబాయ్. మీతో మాకేం లేదు."

"ఎవరూ లేరు బాబూ ఇక్కడ. ఎల్లిపోండి."

"నెత్తురు చుక్కలు గుమ్మం దాకా ఉన్నాయండి."

వెనకున్నవాడు తోసుకుని లోపలికి కాలు పెట్టబోయాడు. దుర్గాసాయి వాడి మెడ పట్టి వెనక్కి లాగాడు.

"ఒరేయ్, చెప్పులిప్పు. వంటిల్లు."

చేతిలో కత్తి, నోట్లో ఆ మాట! అయిదుగురూ గుమ్మం బయట చెప్పులు విడిచారు. ఒకడు హాకీ కర్ర చంకలో పెట్టుకుని బూటు తాడు కూడా విప్పుకున్నాడు. సత్తియ్య భుజం మీద కడ్డీ, కడ్డీకి కుతకుతలాడుతున్న గుండిగ. కళ్ల ముందు అయిదు జతల ఉత్త కాళ్లు. అందులో ఒక జత రోజూ పీట దగ్గర చూసేవే.

బస్తాల వెనక సుమంత్ ఎక్కిళ్లు ఆపుకోలేకపోయాడు. దుర్గాసాయి కత్తి పైకెత్తి అటు ఉరికాడు.

"బుల్లియ్యా, ఎనక్కి దూకు!" అని అరిచి సత్తియ్య భుజం ఒంచేశాడు.

గుండిగ ముందుకి పడింది. మూత ఎగిరిపోయింది. గంజి తెల్లగా, వరద గట్టు తెగినట్టు, వాలు వెంట గుమ్మం వైపు పరుచుకుంది. అది ముందు సత్తియ్య పాదాల మీదుగా వెళ్లింది, తరవాత వాళ్ల కాళ్ల మీదికి. నీళ్లయితే జారిపోతాయి. గంజి అంటుకుంటుంది, అంటుకున్న చోటే ఉడికిస్తుంది. ఒకడు జారి వీపు మీద పడ్డాడు. ఇంకొకడు లేపబోయి మోకాళ్ల మీద కూలాడు. దుర్గాసాయి కత్తి వదిలేసి రెండు చేతులూ నేలకి ఆనించాడు. చేతులూ కాలాయి. ఆ కేకలకి భోజనాల హాల్లో ఉన్నవాళ్లు కంచాలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. సుమంత్ బస్తాలెక్కి కిటికీలోంచి దూకి పారిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సత్తియ్య నడవలేక మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, దుర్గాసాయిని చంకల కింద పట్టి చన్నీళ్ల తొట్టి దగ్గరికి ఈడ్చాడు. కుర్రాడి పాదం తోలు వేలి దగ్గర్నించి మేజోడులా ఊడి వచ్చింది.

పెద్దాసుపత్రిలో సత్తియ్యకీ దుర్గాసాయికీ పక్కపక్క మంచాలే పడ్డాయి. పోలీసాయన వచ్చి అడిగితే సత్తియ్య, "బరువుకి భుజం జారిందండి" అన్నాడు. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. దుర్గాసాయి గోడకేసి చూస్తూ అడిగాడు.

"జారిందా బాబాయ్, వదిలేశారా?"

"వదిలేశాను."

"నేను చెప్పులు విప్పడం చూసి కూడానా?"

"చూశాను గనకే వదిలాను. చెప్పులుంటే కాలు కాలేది కాదు, నువ్వు ఆగేవాడివి కాదు."

"వాడు మా పెద్దిరాజు కన్ను తీశాడండి."

"తీశాడు. ఆడు నా చుట్టమా? నువ్వు ఆడి పీక తెగ్గొడితే, జైలు కూడు ఎలాగుంటాదో తెల్సా నీకు? అక్కడ మాడబెట్టి పెట్టేవాడుండడు." 

డిశ్చార్జి అయ్యేదాకా దుర్గాసాయి మళ్లీ సత్తియ్యతో మాట్లాడలేదు. సత్తియ్య భార్య లోవలక్ష్మి క్యారేజీ తెచ్చి ఇద్దరికీ పెడితే, దుర్గాసాయి తన వాటా ముట్టుకోకుండా అవతలి పక్క మంచం రోగికి ఇచ్చేసేవాడు.

సుమంత్ వాళ్ల నాన్న వచ్చి టీసీ తీసుకెళ్లిపోయాడు. వాడు బతికాడు. పెద్దిరాజు ఒంటి కన్నుతో చదువు పూర్తి చేశాడు. బుల్లియ్య వంటింటి పని మానేసి లారీ మీద క్లీనరుగా వెళ్లిపోయాడు. గుండిగ చూస్తే తొడ మంటెత్తుతోందన్నాడు.

పరీక్షలకి దుర్గాసాయి ఒక్కసారి వచ్చాడు. కాళ్లకి మెత్తటి తోలు బూట్లున్నాయి. అవి విప్పితే ఒక గంట దాకా మళ్లీ తొడుక్కోలేడు. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. సత్తియ్య మాడు చెక్క గీకి, మీద ఆవకాయ పెట్టి, కుంటుకుంటూ తెచ్చాడు.

"లోపలికి రా బాబూ. బూట్లతోనే రా."

"రానండి" అన్నాడు. కానీ చెయ్యి చాచాడు. గుమ్మం అవతలే నిలబడి తిన్నాడు. సగం తిని, మిగిలింది అరచేతిలో అలాగే పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ అరచేతిలో మచ్చ తెల్లగా ఉంది.

ఆ ఏడు చేరిన కొత్త కుర్రాళ్లు పాతవాళ్లు చెప్పినట్టే గుమ్మం బయట చెప్పులు విప్పబోతే వంటింట్లోంచి గరిటె ఎగిరొచ్చి గోడకి తగిలింది.

"ఏసుకోండిరా! ఎవడ్రా మీకు ఇప్పమని చెప్పింది? ఏసుకుని తగలడండి!"

వాళ్లు బిత్తరపోయి చెప్పులు తొడుక్కుని లోపలికొచ్చారు. సత్తియ్య వంగి, వాళ్లు వేసిన బురద అడుగులన్నీ గోనెపట్టాతో తనే తుడిచాడు.