అజ్మత్ భాయ్ శుక్రవారం లెక్క

అజ్మత్ భాయ్‌కి లెక్క రాదన్నది అరబ్బు దేశంలోని ఉమ్మ్ అల్ హస్సామ్ కంపెనీ క్యాంపులో అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క సంగతి. ఇంక దేనిమీదా అక్కడ ఇద్దరికి పొత్తు కుదిరేది కాదు. బకెట్టు ఎవరిదన్న దాని మీద కూడా పంచాయితీలు నడిచేవి.

ఆయనది బోధన్. కంపెనీ బస్సు డ్రైవరు. బండి కదిలించే ముందు మెట్టు మీద నిలబడి, చూపుడు వేలితో గాలిని పొడుస్తూ తలలు లెక్కపెట్టేవాడు. ఆరు డ్యూటీ రోజులూ లెక్క చక్కగా కుదిరేది. శుక్రవారం అందరూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని షికారుకు బయల్దేరితే మాత్రం తప్పేది.

“ఒకరు తక్కువ,” అనేవాడు.

“మేం ఇరవై మందిమి, నీతోటి ఇరవై ఒకటి. సరిపాయె గదా భాయ్!” అని ముఖేష్ మొత్తుకునేవాడు. అతను క్యాంపు ఎలక్ట్రీషియను, పైగా అజ్మత్ భాయ్ గదిలోనే ఉండేవాడు. “నిన్ను నువ్వు మరిచినవేమో సూడు.”

“నన్ను కలిపే చెప్తున్న. ఒకరు తక్కువ.”

అంతే. బస్సును వంటగది ముందు నిలబెట్టి పది నిమిషాలు హారన్ కొట్టేవాడు. ఆ మోతకు వంటమనిషి ముత్తన్న కిటికీలోంచి గరిటె ఊపి, “పోయి రాండ్రయ్యా, చెవులు పోతున్నయ్!” అని అరిచేవాడు. అప్పటికి ఇస్త్రీ చొక్కాలు చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయేవి. నాలుగేళ్ళుగా ఇదే వరస. నాష్టా ఎక్కువై మెదడు పనిచేయదని మేస్త్రీ గంగన్న తేల్చేశాడు.

అలాంటి మనిషికి తొంభై ఆరులో రాకెట్టు పిచ్చి పట్టింది. కంపెనీలో పనిచేసి ఊరికి వెళ్ళిపోతున్న ఇంగ్లీషు ఇంజినీరొకాయన, తన పిల్లల బొమ్మ రాకెట్ల కోసం తెచ్చిన మోటార్లు మిగిలితే డబ్బాతో సహా అజ్మత్ భాయ్ చేతిలో పెట్టి వెళ్ళాడు. జానెడు పొడుగున, మందు కూరిన అట్ట గొట్టాలు. సరిగ్గా ఏడు.

“ఏడు శుక్రవారాలకు ఏడు. వారానికొకటి ఎగరేద్దాం భాయ్,” అన్నాడు ముఖేష్.

“ఒకటి పోయి ఆరు ఎనక కూసుండుడేంది? పోతే అన్నీ కలిసే పోవాలె.”

కలిసి పోవాలంటే పెద్ద రాకెట్టు కావాలి. కార్పెట్లు చుట్టే అట్ట గొట్టం ఒకటి దుకాణం వెనక దొరికింది, మనిషి కంటే మూరెడు పొడుగు. పల్చటి ప్లైవుడ్డుతో రెక్కలు కోశాడు. థర్మాకోల్ అరగదీసి ముక్కు చేశాడు. గంగన్న గొడుగు బట్ట విప్పి పారాచూట్ కుట్టాడు. గంగన్నను అడగలేదు. రాకెట్టు గదిలో పట్టక, తోక తెచ్చి ముఖేష్ మంచం మీద పెట్టాడు. రెండు నెలలు ముఖేష్ కాళ్ళు ముడుచుకునే పడుకున్నాడు.

“ఏడూ ఒక్కసారే అంటుకోవాలె ముఖేషూ. ఒక్కటి ఎనకబడ్డా అడ్డం తిరిగి మన మీదికే వస్తది.”

ఆ భయంతోనే ముఖేష్ ఏడింటికీ తీగలు లాగి, అన్నింటినీ కలిపి, బస్సు బ్యాటరీకి తగిలించేలా క్లిప్పులు పెట్టాడు.

బుదైయాలో తన తోట వెనక బీడులో ఎగరేసుకోవడానికి వీసాలిచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, ఒప్పుకున్నాడు. “ఈ శుక్రవారం, మూడింటి అసర్ అజాన్ దాకా. ఆ తర్వాత ఖలాస్. ఎగిరినా ఎగరకున్నా మర్నాటికి ఆ గొట్టం క్యాంపులో కనపడొద్దు.”

ఆ శుక్రవారం కూడా అజ్మత్ భాయ్ మెట్టెక్కి వేలు ఎత్తాడు. ముఖేష్ ఆ వేలు పట్టుకున్నాడు. “ఇయ్యాల లెక్క బంద్. యల్లా!” అందరూ కలిసి ఆయన్ని మోసుకెళ్ళి సీట్లో కూర్చోబెట్టారు. అద్దంలోంచి తలలు చూస్తూనే ఆయన బుదైయా దాకా నడిపాడు.

రెండింటికల్లా రాకెట్టు ఇనుప కడ్డీకి ఆనుకుని నిలబడింది. క్లిప్పులు బ్యాటరీకి తగిలాయి. గాలి లేదు. ముఖేష్ స్విచ్చి మీద బొటనవేలు పెట్టాడు. అజ్మత్ భాయ్ పది నుంచి వెనక్కి లెక్కపెట్టసాగాడు. ఏడు, ఆరు, అయిదు... నాలుగు దగ్గర ఆగిపోయాడు.

“ఒకరు తక్కువ.”

“భాయ్, నీ కాళ్ళు మొక్కుత!”

ఆయన చకచకా క్లిప్పులు పీకాడు. బస్సెక్కాడు. వెళ్ళిపోయాడు.

దుమ్ము అణిగాక గంగన్న చుట్టూ చూశాడు. “బస్సు పాయె. బ్యాటరీ పాయె. ఎగరేసేటోడు పాయె. కదలంది రాకెట్టొక్కటే.”

“రానీ. ఈయన్నే ఎనిమిదో మోటారు లెక్క కింద కట్టి అంటిస్త,” అన్నాడు ముఖేష్. నిమిషానికోసారి గడియారం చూసుకున్నాడు. రెండు నెలల నిద్ర ఆ గొట్టంలో ఉందాయె.

ముప్పావు గంటకు బస్సు తిరిగొచ్చింది. తలుపు తెరుచుకుంది. లుంగీ మీద, చేతిలో గరిటెతో ముత్తన్న దిగాడు.

“వద్దంటే ఇనకపాయె! పప్పు పొయ్యి మీదనే ఉన్నది, సిమ్ముల పెట్టి వచ్చిన.”

గంగన్న ఆ గరిటె వంక చూశాడు. “ముత్తన్నా, ఎప్పుడన్న క్యాంపు దాటి బయటికొచ్చినవా నువ్వు?”

“రాకేం? నాలుగేండ్ల కింద ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన గదా!”

ముఖేష్ తన చూపుడు వేలు ఎత్తి మెల్లగా తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై రెండే.

“ముత్తన్న అని ఒక్క మాట చెప్తే ఏంది భాయ్, ఇన్నేండ్లు?”

“వారం వారం చెప్పిన గదా, ఒకరు తక్కువని. ఎవరని ఒక్కడన్న అడిగిండా?”

ముఖేష్ స్విచ్చి తీసుకెళ్ళి ముత్తన్న చేతిలో పెట్టాడు. ముత్తన్న గరిటె చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నొక్కాడు. బుస్సుమని పొగ. ఊపిరి పీల్చేంత సేపు ఏమీ లేదు. తర్వాత ఏడూ ఒక్కసారిగా అంటుకున్నాయి. కార్పెట్ గొట్టం ఖర్జూరం చెట్లు దాటి, కఫీల్ మేడ దాటి నిటారుగా పైకి పోయింది. గంగన్న గొడుగు ఆకాశంలో విచ్చుకుంది. మసీదులో అజాన్ మొదలైంది.

“ఇగ ఒత్తుడు ఆపు ముత్తన్నా, అది పోయింది,” అన్నాడు అజ్మత్ భాయ్.

తిరుగు ప్రయాణంలో ఆయన మెట్టెక్కి, తలలన్నీ పొడిచి, “సరిపాయె!” అన్నాడు. క్యాంపు సందు మొదట్లోనే మాడిన పప్పు వాసన ఎదురొచ్చింది. ఆ పూట ఖుబూస్ రొట్టెలు, ఉల్లిగడ్డ తిన్నారు. శుక్రవారం వంట ఇక వంతులవారీగా చేయాలని తీర్మానించారు. దేనిమీదా పొత్తు కుదరని ఆ క్యాంపులో అది రెండో ఏకాభిప్రాయం.

మొదటి వంతు ముఖేష్‌దే పడింది. మరుసటి శుక్రవారం అతను ఉల్లిగడ్డలు తరుగుతుంటే, కిటికీ ముందు బస్సొచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కాలో ముత్తన్న ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. హారన్ మొదలైంది.

“ఒకరు తక్కువ!”

“నాకు వంట ఉన్నది భాయ్! పోయి రాండ్రి!” అని గరిటె ఊపాడు ముఖేష్.

హారన్ ఆగలేదు. పది నిమిషాలు చూసి, ముఖేష్ పొయ్యి ఆర్పేశాడు.