ఫోనెత్తని మా నాటకాల ఏజెంటు

పోయిన నెల ఒక ఉదయం మా ఏజెంటు నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ నంబరుకు నేను చేయడమే తప్ప, అక్కడి నుంచి రావడం అదే మొదలు. సంతోషం పట్టలేక, ఆ వెనకే కోపమూ పట్టలేక, "ఇన్నాళ్లకు నాకు ఫోన్ చెయ్యాలనిపించిందా మామా?" అని అరిచాను. అవతల ఆయన కూతురు. "నాయన పోయినాడన్నా. గుండెల్లో నొప్పని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు" అంది. ఫోన్ పట్టుకునే ఏడ్చేశాను. చివరికి ఆ పిల్లే నన్ను ఓదార్చింది.

ఆత్మకూరు చుట్టుపక్కల తిరునాళ్లలో పౌరాణిక నాటకం పడిందంటే, నటుల్ని కుదిర్చింది చాలావరకు ఆయనే. బస్టాండు ఎదురుగా ఉన్న టీ బంకే ఆయన ఆఫీసు. ఫోన్ చొక్కా జేబులో, రుమాలులో చుట్టి ఉండేది. మోగితే బయటకు తీసేవారు, పేరు చదివేవారు, అది మోగడం మానేదాకా ప్రేమగా చూసి మళ్లీ చుట్టి పెట్టేవారు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. మొదట తెలిసింది ఒక్కటే, ఆయన జవాబివ్వరని. వేషం ఇమ్మని, మా ఉదయగిరి కోట గోడ ముందు నిలబడి ఆవేశంగా మాట్లాడిన వీడియో ఒకటి ఆయనకు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇంకో వీడియో పంపాను. మళ్లీ టిక్కులే. "కళాకారుడికి జవాబు పొందే హక్కు లేదా?" అని రాశాను. దానికీ టిక్కులే. అప్పటికి సభల్లో పంచే కరపత్రాలు, చిన్న పుస్తకాలు దొరికినన్ని చదివి ఉన్నాను. నాకు జరుగుతున్నది దోపిడీ కిందికి వస్తుందని తేల్చుకున్నాను. నేనే ఒక కరపత్రం రాసి, జిరాక్సులు తీయించి, ఆత్మకూరు బస్సెక్కాను.

టీ బంకు ముందు నిలబడి మొత్తం చదివాను. "మౌనమే ఆయుధంగా కళాకారుల్ని అణగదొక్కే దళారీ వ్యవస్థ" అన్న చోట బస్సుల హారన్లను మించి అరిచాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, చివరిదాకా విన్నారు.

"ఉదయగిరి పిల్లోడివి నువ్వేనా?"

"నేనే!"

"తాంబూలం తీసుకొని నాటకం ఎగ్గొట్టేది నువ్వేనా? వింజమూరుకి రాలేదు, మర్రిపాడుకి రాలేదు. పైగా నా మీదికే వచ్చినావా? ఎంత పొగరురా నీకు!"

"ఏ తాంబూలం? నాకెవరిచ్చినారు?"

ఆయన పక్కనున్న నాటకాల హార్మోనిస్టు నోరెళ్లబెట్టాడు. అప్పుడు బయటపడింది సంగతి. ఈ నాటకాల వాళ్లలో ఏజెంటు రెండు ఆకులూ ఒక వక్కా పంపితే వేషం ఇచ్చినట్టు, పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టు. నా వీడియోలకు ఆయన జవాబులు పంపుతూనే ఉన్నారు. ఉదయగిరి వచ్చే పాల వ్యాను డ్రైవరుకు తాంబూలమిచ్చి, ఏ ఊరో, ఏ రోజో నోటిమాటగా చెప్పి పంపేవారు. నేను అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"అవ్వా, నాకోసం ఎవరన్నా ఆకులు పంపించినారా?"

"నీకెందుకు పంపిస్తార్రా? ఈ ఇంట్లో ఆకు నమిలేది నేనొక్కదాన్నే గదా. నాకే వస్తా ఉండాయి. లేతాకులు, కలకండ మాదిరుండాయి. ఆ పంపించే మహారాజుకి చెప్పు, వక్క కొంచెం మెత్తటిది పంపించమని."

"డ్రైవరు ఏమన్నా చెప్పినాడా?"

"ఏందో తిరునాళ్ల, రావాల అన్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు, నేను రాలేనని చెప్పినా."

టీ బంకంతా విరగబడి నవ్వింది. ఏజెంటు నవ్వలేదు. న్యాయం ఆలోచిస్తున్నారు. "తాంబూలం తిన్నోళ్లే ఆడాల. మీ అవ్వని తోలుకోని రా" అన్నారు. ఆ వెంటనే, "నొప్పులంట గదా. ఆమె బదులు నువ్వు రా" అన్నారు.

భటుడి వేషం. ఈటె పట్టుకుని రాజు పక్కన నిలబడాలి. మాట లేదు. రాజరికానికి కాపలా కాయడం నా సిద్ధాంతానికి విరుద్ధమని చెప్పాను. "ఆయన చేతిలో ఏముండాది రా, అట్టకత్తి. నువ్వు నిలబడబట్టే ఆయన రాజు" అన్నారు. ఏ కరపత్రంలోనూ ఇంత సూటిగా చదవలేదు. ఈటె పట్టుకున్నాను.

ఆ తరవాత ఎన్ని ఊళ్లలో నిలబడ్డానో. నాకు కావలసింది స్టేజీ మీద మాట. ఫోన్ చేస్తే ఎత్తరు కాబట్టి, అడగాలంటే ఆత్మకూరే వెళ్లేవాణ్ణి. "ఫోన్లో ఇచ్చిన మాట ఫోన్లోనే పోతాది. చేతికిచ్చింది నిలబడతాది" అనేవారు. నా కోపం సంగతీ వదిలేవారు కాదు. "మొకం మీద పెట్టుకోబాక అబ్బయ్యా, గొంతులో పెట్టుకో. ముందు అవతలోడు చెప్పేది విను. వినేవోడికే మాటిస్తా నేను."

చనిపోవడానికి కొద్ది రోజుల ముందు అనంతసాగరం నాటకంలో రాయబారి వేషం నాకిచ్చారు. ఆకులు నా చేతిలోనే పెట్టి, "మీ అవ్వకి చూపించబాక" అన్నారు. అప్పుడు మాత్రం నవ్వారు.

ఆయన పోయాక అనంతసాగరం పెద్దలు, "ఏజెంటే లేడు, ఈ ఏడాదికి వద్దులే" అన్నారు. హార్మోనిస్టు ఒప్పుకోలేదు. "తాంబూలం తీసుకున్నాం, ఆడతాం" అన్నాడు. ఆడాము. నా వంతు రాగానే అరిచేద్దామనిపించింది. అరవలేదు. రాజు చెప్పిందంతా విన్నాను, ఆ తరవాతే నోరు తెరిచాను. ఎక్కడో వెనక బీడీ ముట్టించుకోబోతున్న మనిషి అగ్గిపుల్ల గీయడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పించింది మా ఏజెంటే.

నాటకం ముగిశాక బద్వేలు వైపు ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చాడు. "బలే ఆడినారయ్యా. మా ఊర్లో కూడా ఆడాల. మీ ఏజెంటు ఎవురు?" అన్నాడు.

రాజు కిరీటం చంకలో పెట్టుకుని నేల చూపులు చూశాడు. హార్మోనిస్టు పెట్టె తిత్తిని మెల్లగా మూశాడు. పెద్దాయన మా రంగు మొహాలను ఒక్కొక్కటే చూస్తూ, జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు.