తడి తువ్వాలు

హోటల్లో మూడో అంతస్తు గదులు సర్దే పిన్నికి పాస్‌పోర్టు లేదు గానీ ప్రపంచమంతా కొట్టినపిండి. మనిషి మొహం చూడనక్కర్లేదు, పడుకున్న పక్క చూస్తే చాలు. ఒక దేశంవాళ్లు వెళ్లేముందు దుప్పటి మడతపెట్టి మరీ వెళ్తారు. ఇంకో దేశంవాళ్లు సబ్బుతోపాటు సబ్బుపెట్టె కూడా సంచీలో వేసుకుపోతారు. తోటి పనివాళ్లకి ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో ఒక తువ్వాలు రెండు వేళ్లతో ఎత్తి చూపించేది. "తడి తువ్వాలు మంచం మీద పడేసే మగాడికి మాత్రం దేశం లేదమ్మా."

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి తన మంచం మీద కూడా వాళ్లాయన తువ్వాలు తడితడిగా పరుచుకుని ఉంది. పిన్ని హోటల్ గదుల తలుపులకి తగిలించే అట్ట ఒకటి సంచీలోంచి తీసి, పడకగది గొళ్లేనికి వేలాడదీసి, టీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుంది. టీవీ ముందునుంచి లేచొచ్చిన ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు: 'దయచేసి గది శుభ్రం చేయండి.'

"ఏంటే ఇది?"

"గదిలో దిగినవాళ్లు పెట్టారండీ," అంది పిన్ని, టీ ఊదుకుంటూ. "మనం ఎదురు చెప్పకూడదు."

ఆయన లోపలికి వెళ్లి, తువ్వాలు రెండు వేళ్లతో ఎత్తాడు, ఎవరో పరదేశీ వదిలేసి పోయినట్టు.