తాతయ్య పంచె దాచిన బొంత

మా చిన్నప్పుడు వేళ్ల సందుల్లో గజ్జి లేని పిల్లలు మా వీధిలో ఉంటే చూపించండి... నాకు తెలిసి లేరు! కాకపోతే నాకది రాకూడని సమయంలో వచ్చింది. తమ్ముడు పుట్టినప్పుడు.

రేపల్లె దగ్గర పల్లెలో మా అమ్మమ్మగారిల్లు. అమ్మ పురిటికి వచ్చింది, వెనకాలే నేనూ. ఏడేళ్లుంటాయేమో. తమ్ముడు కావాలని రోజూ దేవుడి పటం ముందు నిలబడి అడిగింది నేను... తీరా వాడు పుట్టాక పురిటిగది గడప దాటనివ్వలేదు.

"ఆ చేతుల్తో ముట్టుకుంటే పసిగుడ్డుకి అంటుద్దే!" అని పిన్ని తలుపు దగ్గరే ఆపేసేది.

తలుపు సందులోంచి చూస్తే పొత్తిళ్లలో చిన్న పిడికిలి కనిపించేది. అంతే. ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది. అమ్మ లోపల్నుంచే "ఉయ్యాలలో వేసే రోజుకి తగ్గించుకోవే, ముందు నీ ఒళ్లోనే పెడతాను" అనేది. ఇక నాకు అదే ధ్యాస.

నాకు వేరే కంచం, వేరే చాప పెట్టారు. మామయ్య కొడుకు శీనుగాడు "గజ్జిమొహం" అని అరిచి పారిపోయేవాడు. వాడికీ ఉందని తర్వాత తేలిందనుకోండి!

అమ్మమ్మ ఒక్కతే నన్ను దూరం పెట్టలేదు. పొద్దున్నే పెరట్లో పీట మీద కూర్చోబెట్టి వేపాకూ పసుపూ కలిపి నూరిన ముద్ద పట్టించేది. అబ్బ, ఆ మంట! నేను కేకలు పెడుతుంటే "అయిపోయింది నా తల్లే, అయిపోయింది" అంటూ ఊదేది. వేళ్లు పుండ్లు పడి అన్నం కలుపుకోలేకపోతే ముద్దలు చేసి తినిపించేది. ఆ వేరే చాప ఎప్పుడో మూలన పడేసింది. తన పక్కనే, తన బొంతలోనే నా పడక. నేను గోక్కోకుండా నా చేతులు రెండూ తన చేతుల్లో పట్టుకుని పడుకునేది.

ఆ బొంత గురించి చెప్పాలి. పాత చీరలు పొరలుగా పేర్చి అమ్మమ్మ తన చేత్తో కుట్టుకున్నది. లోపలి పొర మాత్రం తాతయ్య పంచె. ఆయన పోయిన ఏడాది కుట్టిందట. ఎండలో వేసేది, దులిపేది... నీళ్లలో మాత్రం పెట్టనిచ్చేది కాదు. "తడిస్తే పీలికలైపోద్ది" అనేది.

అమ్మనీ తమ్ముణ్ణీ చూడ్డానికి రేపల్లె నుంచి నర్సమ్మగారు వస్తుండేవారు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ వసారాలో నన్ను చూసి ఆగారు. మొహం చిట్లించలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్లు విడదీసి చూశారు. ఆ చల్లటి చేతులు నాకింకా గుర్తే.

పాలలాంటి తెల్లటి మందు సీసా ఇచ్చి, "మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలండి. ఈ పిల్లకే కాదు, ఇంట్లో అందరూ ఒకేరోజు రాసుకోవాలి. పక్కబట్టలన్నీ ఉడకబెట్టాలి. బాలింత సంగతీ పసివాడి సంగతీ నేను చూసుకుంటాను" అన్నారు.

"మాకేం రోగం!" అని మామయ్య ఎగిరాడు గానీ అమ్మమ్మ కసిరితే ఊరుకున్నాడు. ఆ రోజు పెరట్లో అందరూ తెల్లటి దెయ్యాలే! మందు మంటకి శీనుగాడు గంతులేస్తుంటే నేను పడీపడీ నవ్వాను. కాగులో దుప్పట్లన్నీ సోడా వేసి ఉడకబెట్టారు.

దురద తగ్గింది... మళ్లీ మొదలైంది. ఉయ్యాల రోజు దగ్గరకొస్తోంది.

నర్సమ్మగారు మళ్లీ వచ్చి చూసి, "కొత్తగా లేచాయే? ఉడకబెట్టకుండా ఏదైనా ఉంచేశారాండీ?" అన్నారు. అందరి చూపూ అమ్మమ్మ బొంత మీదకి పోయింది. అమ్మమ్మ మెల్లగా చేతులు కొంగు కింద పెట్టుకుంది.

"ఏదీ, మీ చేతులు చూపించండి పెద్దమ్మగారూ."

"నాకేముందమ్మా, ముసలి ఒళ్లు..."

చూస్తే ఆవిడ వేళ్ల సందుల్లోనూ అవే పొక్కులు. ఇన్నాళ్లూ ఒక్కమాట అనలేదు.

"పిల్లని పక్కలో వేసుకునేది మీరేనా అండీ?"

"నేను కాకపోతే ఎవరు వేసుకుంటారమ్మా, అందరూ చీదరించుకుంటుంటే!"

నర్సమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "పక్కలోనే వేసుకోండి. ఆ బొంత మాత్రం ఉడకాలండి" అన్నారు మెత్తగా.

అమ్మమ్మ బొంత ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాకు చూడబుద్ధి కాలేదు. "వద్దులే అమ్మమ్మా... నేను తమ్ముణ్ణి ఎత్తుకోనులే" అన్నాను.

"నోర్మూసుకోవే పిచ్చిమొహమా!" అంది. కళ్లు తుడుచుకుని లేచి, తన చేత్తోనే కాగులో వేసింది.

అనుకున్నట్టే పీలికలైంది. చీరలేవీ మిగల్లేదు. పంచెలో ఒక్క ముక్క మాత్రం నిలిచింది... దాన్ని పిండి, ఎండలో ఆరేసి, ఆరేదాకా అక్కడే కూర్చుంది. మందు మళ్లీ అందరం రాసుకున్నాం. ఈసారి మామయ్య నోరెత్తలేదు.

ఉయ్యాల రోజు నాటికి నా చేతులకి మచ్చలే మిగిలాయి. నర్సమ్మగారు తిప్పి తిప్పి చూసి తలూపారు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. అమ్మమ్మ ఆ పంచె ముక్కలో తమ్ముణ్ణి చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మీ తాతయ్య ఉంటే ముందు ఆయనే ఎత్తుకునేవారు... ఆయన బదులు నువ్వెత్తుకో" అంది.

వాడెంత వెచ్చగా ఉన్నాడో! ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, కదిలితే ఎవరైనా తీసేసుకుంటారేమోనని.

ఇప్పుడు చిన్న పొక్కు లేస్తే చాలు, మందుల షాపులో ట్యూబు ఇస్తున్నారు. సుఖమే, కాదనను. కానీ అంటుకుంటుందని తెలిసీ పక్కలోకి లాక్కునే మనుషులు తగ్గిపోయారనిపిస్తుంది...

మీ చిన్నప్పుడు, అందరూ దూరం జరిగిన వేళ మీ చేతులు పట్టుకుని పడుకున్నదెవరు? వాళ్ల పేరొక్కసారి ఇక్కడ రాయండి... చదువుకుంటాను.