టవలు కింద బేరమాడిన కెమెరా

మా నాయన గొర్రెల సంతలో దళారి. అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరి చేతా తిట్లు తిని, ఇద్దరి దగ్గరా కాస్త కాస్త తీసుకునే మనిషి. ఆయన పనంతా టవలు కింద జరుగుతుంది. భుజం మీది టవలు తీసి చేతుల మీద కప్పి, దాని కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళకు తెలుసు. పైకి ఒక్క మాట ఉండదు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకూడదని ఈ ఏర్పాటు. బేరం కుదిరితే టవలు తీసేసి చెయ్యి కలుపుతారు. చెయ్యి కలిపాక ఆ పొట్టేలు అక్కడికక్కడే కాళ్ళు తన్నుకుని చచ్చినా కొన్నవాడిదే. కాగితం ఉండదు, సాక్షి ఉండడు.

నా మొదటి కెమెరా కొనడానికి నేను ఈ మనిషిని వెంటబెట్టుకుని పోయాను.

అప్పటిదాకా ఉరవకొండలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేశాను. పనంటే పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడం, చనిపోయినవాళ్ళ వెనక నీలిరంగు పూయడం, ఫ్లెక్సీల మీద నాయకుల మొహాలు తెల్లబరచడం. కెమెరా ఓనరుది. ఆదివారాలు అడిగితే ఇచ్చేవాడు, కిడ్నీ ఇస్తున్నట్టు మొహం పెట్టి. మా వైపు శ్రీమంతాల్లో ఆడవాళ్ళు మగ ఫొటోగ్రాఫరు ముందు కొయ్యబారిపోతారు. అతను ‘కొంచెం నవ్వమ్మా’ అంటే ఇంకా బిగుసుకుంటారు. నేను తీస్తే నవ్వుతారు. ఇందులో నా గొప్పేమీ లేదు, నేనూ ఆడదాన్నే కాబట్టి నవ్వుతారు. ఆ సంగతి తెలిసి మా బెళుగుప్పలోనే ఒక ఇంటివాళ్ళు శ్రీమంతానికి నన్ను పిలిచారు. ఓనరు కెమెరా ఇవ్వనన్నాడు. ఆ పని స్టూడియోకి రావాల్సిందట. న్యాయంగా చూస్తే ఆయన మాటే సరి. నాకు మాత్రం ఒళ్ళు మండి, అప్పుడే మానేసి వచ్చేశాను.

ఇంటికొస్తే, మానేసిన సంగతి నాకంటే ముందే చేరి, అమ్మ అప్పటికే బెంగళూరుకు ఫోన్ చేసి ఉంది. మా చిన్నమ్మ అక్కడ గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతుంది. ఆమె పక్క మిషను ఖాళీ అయిందట. “ఆ శ్రీమంతం లోపల నీకంటూ ఒక కెమెరా వస్తే ఈడనే ఉండు. రాలేదా, సంచి సర్దుకో. ఇంట్లో కూర్చోని మొగాలు చూసుకుంటా ఉంటే జరగదు” అంది అమ్మ. అమ్మ చెప్పిందంటే అదే లెక్క. నాకు బెంగళూరు పోవడం ఇష్టం లేదు. గార్మెంట్స్‌లో పని తక్కువ రకమని కాదు. నాకు కాలర్ల కంటే మొహాలు ఇష్టం, అంతే. ఆ మాట అమ్మతో అంటే చీపురు పట్టుకుంటుందని అనలేదు.

నాయన ఇంట్లో ఉన్న పొట్టేళ్ళను అమ్మాడు. దళారి ఇంట్లో సొంత పొట్టేళ్ళంటే బ్యాంకులో డిపాజిట్ కింద లెక్క. ఆ దుడ్లతో కొత్త కెమెరా రాదు. ఏది కొనాలో చెప్పే వీడియోలు ఫోన్లో ఎన్ని చూశానో. ప్రతివాడూ మొదట తక్కువ ధరది చూపిస్తాడు, చూపించి “మీ బడ్జెట్ ఇంకొంచెం పెంచుకోగలిగితే” అని పక్కదాని దగ్గరికి పోతాడు. అక్కడా అదే మాట. పక్కన కూర్చుని వింటున్న మా నాయన, “ఈయప్ప గూడా దళారేనా?” అని అడిగాడు. వృత్తి గౌరవంతోనే అడిగాడు.

చివరికి గుత్తిలో ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు తన పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు రెండు అమ్మేస్తున్నాడని తెలిసింది. రెండూ ఇంచుమించు ఒకే ధర. వచ్చి చూసుకొమ్మన్నాడు. శ్రీమంతం ఆ వారంలోనే.

బస్సులో నాయన నాకు పాఠం చెప్పాడు. “పాపా, నీకు నచ్చినదాన్ని మెచ్చుకోవద్దు. దాన్ని తిట్టు. వద్దనుకున్నదాన్ని పట్టుకోని మురిసిపో. ఆయప్ప దాని మింద ఆశ పెంచుకుంటాడు, మనం రెండోదాన్ని చవగ్గా లాగేస్తాం. నువ్వు దేన్ని తిడతాండావో నేను చూసుకుంటాలే.” గొర్రెల్లో ఇది పనిచేస్తుందట. గొర్రెల్లో పనిచేసేది కెమెరాల్లో ఎందుకు పనిచేయదో చెప్పడానికి నా దగ్గర కారణమేమీ లేకపోయింది.

గుత్తి ఫొటోగ్రాఫరు మంచివాడు, కొంచెం లొడలొడ. టీ తెప్పించి రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, బాగా పాతది, బరువు. ఒకప్పుడు దాన్ని పట్టుకుంటే పెళ్ళిలో జనం దారిచ్చేవాళ్ళట. రెండోది చిన్నది, ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. నేను రెండింటితోనూ గదిలో తలుపు మూసి ట్యూబులైటు కింద తీసి చూశాను. పెద్దదాంట్లో చీకటి భాగమంతా రవ్వ పోసినట్టు చుక్కలు. వీడియో అసలు లేదు. దాని కార్డు ఏదో పాతకాలపు వెడల్పు కార్డు, ఉరవకొండలో ఏ కంప్యూటరుకూ పట్టదు. చిన్నదాంట్లో గోడ మీది బల్లి కన్ను కూడా కనిపించింది. శ్రీమంతాలు జరిగేది చీకటి గదుల్లో. నాకు కావలసింది చిన్నదే. చేతిలోంచి దాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు.

కాబట్టి దాన్ని తిట్టాను. బొమ్మలా ఉందన్నాను, బరువే లేదన్నాను, దీన్ని చూస్తే మాకు ఎవరు పనిస్తారన్నాను. పెద్దదాన్ని మెడకు తగిలించుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను. “అబ్బా, ఇది కదన్నా కెమెరా అంటే!” అన్నాను. నాయనను గుమ్మంలో ఎండకు నిలబెట్టి దాంతో ఒక ఫొటో తీసి చూపించాను. ఎండలో అది బాగానే తీస్తుంది. నాయన తన మొహాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

తర్వాత భుజం మీది టవలు తీశాడు.

ఫొటోగ్రాఫరు మొదట నవ్వాడు. ఆయన తాత ఎద్దుల బేరాలు చేసేవాడట, వేళ్ళ లెక్క కొంచెం తెలుసన్నాడు. సంబరపడి చెయ్యి చాచాడు. టవలు కింద చేతులు కదులుతున్నంతసేపూ మూడో మనిషి మాట్లాడకూడదు. అది నాకు నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. నాయన కంటితో ఏ కెమెరాను చూపించాడో నేను గమనించలేదు. నాయన చిన్నదాన్నే బేరమాడుతున్నాడనుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాను. టవలు తొలగింది. ఇద్దరూ చెయ్యి కలిపారు. ఫొటోగ్రాఫరు లేచి పెద్దదాన్ని బ్యాగులో పెట్టి నా ఒళ్ళో ఉంచాడు.

నాయన మొహం చూస్తే వెలిగిపోతోంది. ఫొటోగ్రాఫరు మమ్మల్ని నిలబెట్టి, ‘గొర్రెల లెక్కన అమ్ముడుబోయిన కెమెరా’ అని ఫోన్లో స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. చెయ్యి కలిసిపోయింది. ఇంకేం మాట్లాడాలి? బస్సులో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బరువుకు తొడలు నొప్పి పుట్టాయి.

ఇంట్లో అన్నాల దగ్గర అమ్మ అడిగింది, ఎట్లుండాదే అని. “బ్రహ్మాండంగా ఉందమ్మా” అన్నాను. పట్టు బాగుందన్నాను. చూస్తేనే భయం పుడుతుందన్నాను. ఇంత మంచిది ఇంత చవగ్గా దొరకదన్నాను. నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని వింటున్నాడు. కాసేపటికి ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు.

“పాపా, బేరం అయిపోయింది కదా. ఇంకా ఎందుకు మెచ్చుకుంటాండావు?”

నేను పళ్ళెంలో సంగటిని చిదుముతూ కూర్చున్నాను.

“చిన్నదా నీకు కావాల్సింది?”

“ఊఁ.”

“మరి పెద్దదాన్ని పట్టుకోని అంత మురిసిపోయినావే!”

“నువ్వే కదా నాయనా చెప్పింది!” అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. “నువ్వు చెప్పినట్టే చేసినా కదా!”

“నీకు నటించేది రాదు కదా పాపా” అన్నాడు నాయన, చాలా మెల్లగా. “చిన్నప్పటినుంచీ రాదు. నిజంగానే ముచ్చటపడినావనుకున్నా. నేను చెప్పిందంతా నువ్వు మర్సిపోయి, ఆశగా అడుగుతాండావు, ఇప్పించాల అనుకున్నా.”

అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. ఇద్దరిలో ఒక్కరికైనా బుద్ధి ఉంటే ఇల్లు బాగుపడేదంది. తిట్టి, మజ్జిగ పోసింది. ఇదైనా పట్టుకుని శ్రీమంతానికి పోతాను, ఎట్లాగో నడిపిస్తాను అన్నాను నేను.

పొద్దున లేచేసరికి బ్యాగు లేదు, నాయన లేడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. బ్యాగులో చిన్న కెమెరా ఉంది.

“ఏమని అడిగినావు?” అన్నాను.

“ఏముండాది? మార్చియ్యమన్నా. దానికేముందన్నా అని ఇచ్చేసినాడు, పాపం. మంచోడు.” కాళ్ళు కడుక్కోవడానికి పోతూ అన్నాడు. “వాళ్ళకు అదంతా పెద్ద విషయం కాదులే.”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా. వాళ్ళకు పెద్ద విషయం కాదన్నాడు. మరి మనకో అని నేనూ అడగలేదు.

శ్రీమంతం బాగా జరిగింది. గర్భిణీ పిల్ల గాజుల చేతులు పొట్ట మీద పెట్టుకుని నవ్విన ఫొటో వాళ్ళ వీధి ఫోన్లన్నిటికీ పోయింది. ఆ వీధినుంచే ఒక పిల్ల పెద్దమనిషయిన ఫంక్షను, వజ్రకరూరులో ఇంకో శ్రీమంతం వచ్చాయి. చిన్నమ్మ పక్క మిషను మీద వేరే ఎవరో కూర్చున్నారని తెలిసింది. అమ్మ ఆ మాట చెప్పి, “సర్లే, మొగాలే చూసుకో” అంది. అమ్మ నోటి నుంచి అది దీవెనే.

తర్వాత వచ్చిన సంతకు నాయన నన్నూ రమ్మన్నాడు. ఈమధ్య పెద్ద వ్యాపారులు పొట్టేళ్ళ ఫొటోలు వాట్సాప్‌లో చూసి గానీ బయల్దేరడం లేదట. మంచి కెమెరాతో తీస్తే మంచి ధర పలుకుతుందని నాయన ఆశ. నేనూ ఉత్సాహంగా పోయాను. దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని పొట్టేళ్ళను తీస్తున్నాను. మా మాదిరే బెళుగుప్ప వైపు నుంచి వచ్చే వ్యాపారి ఒకాయన నాయన దగ్గర ఆగాడు. నాయన అలవాటుగా భుజం మీది టవలు తీసి చెయ్యి చాచాడు.

ఆయన చెయ్యి ఇవ్వలేదు.

“టవలు వద్దులేన్నా. నోటితోనే చెప్పు, నలుగురూ వింటారు” అన్నాడు. “చెయ్యి కలిపినాక గూడా తెల్లారి వెనక్కి పోతాండావంట కదా. మార్చుకోని పోయినావని గుత్తి ఆయప్ప మళ్ళా స్టేటస్ పెట్టినాడు, అది మా ఫోన్లకూ వచ్చింది, చూసినాంలే.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పగతో కాదు, సరదాకే. అట్లా నవ్వితేనే నాకు ఎక్కువ మండింది. లేచి నిలబడ్డాను. “అది మా నాయన తప్పు కాదు, నేను…” అన్నాను.

“పాపా.” నాయన నా వైపు చూడలేదు. “వెనక్కి పోయింది నిజమే కదా. నువ్వు నీ పని చూసుకో, ఎండ పోతాంది.”

టవలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తన మొదటి ధరను సంత మధ్యలో, అందరికీ వినబడేట్టు, గట్టిగా చెప్పాడు. అవతలివాడు తగ్గించాడు. నాయన మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాడూ టవలు వద్దన్నాడు, వాడి తర్వాత వచ్చినవాడూ అంతే. నేను ఏడుస్తూనే పని చేశాను. ఫోకస్ కుదిరింది, వెలుతురు బాగుంది, పొట్టేళ్ళు కదలకుండా నిలబడ్డాయి. ఇంటికొచ్చి చూసుకుంటే, నాయన ఉన్న ప్రతి ఫొటోలోనూ ఆయన నోరు తెరిచే ఉంది.